ఓవర్ స్పీడ్ చలానా: కట్టే ముందు ఒకసారి ఫొటో తెరవండి

ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. బండి నంబరు, తేదీ, ఓవర్ స్పీడ్, 1035 రూపాయలు. అందులో 1000 ఫైను, 35 యూజర్ ఛార్జీలు. హైదరాబాద్‌లో కారు నడిపేవాళ్లకి ఈ అంకె కంఠతా వచ్చేసింది. మెసేజ్ చూడగానే కట్టేసి చేతులు దులుపుకునేవాళ్లు కొందరు. డిస్కౌంట్ ఎప్పుడిస్తారా అని చలానాలు పోగేసుకునేవాళ్లు ఇంకొందరు. ఫొటో తెరిచి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

చలానా అంటే తీర్పు కాదు. "మీరు ఈ తప్పు చేశారని మా దగ్గర ఆధారం ఉంది, ఇంత కడితే కోర్టు దాకా పోకుండా ఇక్కడే ముగిద్దాం" అని పోలీసులు చేసే ప్రతిపాదన అది. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 200 దీన్నే కాంపౌండింగ్ అంటుంది. కట్టారంటే రాజీకి ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత "అది నా బండే కాదండీ" అంటే వినేవాళ్లు ఉండరు. 2019 సవరణ దీనికి ఒక మెలిక కూడా పెట్టింది. కాంపౌండ్ చేసుకున్న తప్పును కూడా, రెండోసారి అదే తప్పు జరిగితే, మొదటిసారి కింద లెక్కేస్తారు. వెయ్యి రూపాయలే కదా అని కట్టేసినా అది రికార్డులో ఉంటుంది. ఓవర్ స్పీడ్ రెండోసారి అయితే చట్టం డబ్బుతో ఆగదు, లైసెన్సు దాకా వెళ్తుంది.

అన్నిటికంటే ముందు ఆ మెసేజ్ అసలుదో కాదో చూసుకోండి. చలానా పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) పంపి, అది ఇన్‌స్టాల్ చేయగానే బ్యాంకు ఖాతా ఊడ్చేసే మోసం బాగా నడుస్తోంది. మెసేజ్‌లోని లింకు నొక్కకుండా పోలీసుల ఈ-చలానా సైటుకో, కేంద్రం వారి పరివాహన్ సైటుకో మీరే వెళ్లి బండి నంబరు కొట్టండి. సైటు అడ్రసు డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగియాలి. అక్కడ లేని చలానా మీకు రాలేదనే అనుకోవచ్చు.

ఇక ఫొటో. చిన్న బొమ్మ చూసి వదిలేయకుండా డౌన్‌లోడ్ చేసి పెద్దది చేయండి. స్పీడ్ గన్ ఫొటోలో సాధారణంగా బండి మీద ఒక గురి గుర్తు ఉంటుంది. పక్కనో కిందో నమోదైన వేగం, ఆ రోడ్డుకున్న పరిమితి, గన్ నుంచి బండికి దూరం, తేదీ, సమయం, స్థలం, పరికరం నంబరు ఉంటాయి. మొదట బండి మీదేనా చూడండి. నంబరు ఒకటే అయినా మోడల్ వేరు, రంగు వేరు, వెనక అద్దం మీద స్టిక్కర్ వేరు అంటే రెండు కారణాలుంటాయి. ఒకటి, 3ని 8గానో, బి అక్షరాన్ని డి గానో తప్పు చదవడం. ఇది ఒక ఫిర్యాదుతో పోతుంది. రెండోది, మీ నంబరు ప్లేటుతో ఇంకో బండి తిరుగుతుండటం. అది చలానాతో ఆగే వ్యవహారం కాదు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ఆ ఫొటో, మీ బండిని నాలుగు వైపులా తీసిన ఫొటోలు, ఆర్సీ, హై సెక్యూరిటీ ప్లేటు మీద లేజర్‌తో చెక్కిన కోడ్ అన్నీ జతచేసి పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు కాపీని చలానా ఫిర్యాదుకి జతచేయండి.

బండి మీదే అయితే గురి గుర్తు ఎక్కడుందో చూడండి. ఫ్రేములో రెండు మూడు బండ్లుంటే ఇది ముఖ్యం. లేజర్ గన్ కిరణం సన్నగా మొదలై దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. మామూలుగా 3 మిల్లీరేడియన్ల విస్తృతి, అంటే మీటరు దూరానికి 3 మిల్లీమీటర్ల చొప్పున విచ్చుకుంటుందని అనుకుంటే 200 మీటర్ల దగ్గర దాని వెడల్పు 60 సెంటీమీటర్లు, 400 మీటర్ల దగ్గర 1.2 మీటర్లు. కారు వెడల్పు సుమారు 1.7 మీటర్లు కాబట్టి 200 మీటర్ల లోపు ఒంటరి కారు మీద గురి పెట్టి తీసిన లెక్కను కాదనడం కష్టం. 400 మీటర్ల దూరంలో, పక్కనే కారు దూసుకెళ్తుండగా ఒక బైకు మీద వేసిన చలానా అయితే అడగదగ్గ ప్రశ్నే. రాడార్ రకం పరికరాల్లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. వాటి కిరణం పది పన్నెండు డిగ్రీల దాకా విచ్చుకుంటే 100 మీటర్ల దగ్గరే ఇరవై మీటర్ల వెడల్పు అవుతుంది. అంటే అన్ని లేన్లూ అందులోకి వచ్చేస్తాయి.

లేజర్ గన్ పనితీరు తెలిస్తే మరో లోపం అర్థమవుతుంది. అది సెకనులో మూడో వంతు సేపు వరసగా పల్సులు (చిన్న చిన్న కాంతి మెరుపులు) పంపి, దూరం ఎంత తగ్గిందో చూసి వేగం లెక్కగడుతుంది. ఆపరేటర్ నంబరు ప్లేటు మీద గురి పెట్టాలి. చెయ్యి కదిలి కిరణం ముందు అద్దం మీద మొదలై ప్లేటు మీదకి జారితే, బండి కదలకపోయినా దూరం ఒకటిన్నర మీటరు తగ్గినట్టు కనిపిస్తుంది. 0.3 సెకన్లలో 1.5 మీటర్లంటే గంటకు 18 కిలోమీటర్లు. ఇలాంటి లెక్కను పట్టుకుని తిప్పికొట్టే ఏర్పాటు మంచి గన్‌లలో ఉంటుంది. స్టాండు మీద పెట్టి తీస్తే ఈ గొడవ చాలావరకు రాదు. అందుకే గన్ చేత్తో పట్టుకున్నారా, స్టాండు మీద ఉందా అనేది కోర్టులో అడగాల్సిన ప్రశ్న.

"పోలీసాయన పక్క నుంచి తీశాడు, అందుకే స్పీడ్ ఎక్కువ చూపించింది" అన్న వాదన మాత్రం ఎక్కడా పెట్టకండి. కదలకుండా ఒకచోట ఉన్న గన్ పక్క కోణంలో చూస్తే వేగం తక్కువే కనిపిస్తుంది. 10 డిగ్రీల కోణంలో 100 కిలోమీటర్ల వేగం 98.5గా, 20 డిగ్రీల్లో 94గా వస్తుంది. కోణం వల్ల లాభం మీకే. "నా స్పీడోమీటర్ 80 దాటలేదు" అన్నదీ అంతే. తయారీలోనే స్పీడోమీటర్‌ను నిజ వేగం కంటే తక్కువ చూపకుండా, కాస్త ఎక్కువ చూపేలా పెడతారు. ముల్లు 80 మీద ఉంటే అసలు వేగం 75 కావచ్చు. మీ మాట నిజమైతే గన్ లెక్కకీ మీ అసలు వేగానికీ తేడా ఇంకా పెద్దదవుతుంది కానీ దాన్ని నిరూపించడానికి మీ దగ్గర ఏమీ లేదు. ఫోన్లోని లొకేషన్ చరిత్ర ఆ సమయంలో మీ ఫోను ఆ ఊళ్లో లేదని చూపడానికి పనికొస్తుంది, వేగం 97 కాదు 79 అని చూపడానికి కాదు. టైము ముద్ర ఉన్న డాష్‌క్యామ్ వీడియో అయితే కొంత మేలు. రెండు గుర్తుల మధ్య దూరం కొలిచి, పట్టిన సమయంతో భాగించొచ్చు. 97 కిలోమీటర్ల వేగంలో బండి అర సెకనుకు పదమూడున్నర మీటర్లు పోతుంది. 79లో అయితే పదకొండు మీటర్లు. గుర్తులు ఎంత దూరంగా ఉంటే లెక్క అంత నమ్మకంగా వస్తుంది.

చలానా మీద సెక్షన్ ఏం రాశారో కూడా చూడాలి. మామూలు ఓవర్ స్పీడ్ సెక్షన్ 183. దాని కింద కారు లాంటి తేలికపాటి వాహనానికి 1000 నుంచి 2000, మధ్య తరహా, భారీ వాహనాలకు 2000 నుంచి 4000 రూపాయల ఫైను. జైలు లేదు. సెక్షన్ 184 అంటే ప్రమాదకరంగా నడపడం. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు లేదా 1000 నుంచి 5000 ఫైను, లేదా రెండూ. ఫోను పట్టుకుని నడిపిన సందర్భం తప్ప 184ని కాంపౌండ్ చేయడానికి చట్టంలో వీలు లేదు. వేగం ఒక్కటే కారణమై, మిగతా ప్రమాదకర ప్రవర్తన ఏదీ చెప్పకుండా 184 వేస్తే అది తప్పకుండా అడగాల్సిన విషయం.

183లోనే మూడో ఉపసెక్షన్ చాలామంది చదవరు. ఒక సాక్షి "నాకు చూస్తే వేగంగా అనిపించింది" అన్నంత మాత్రాన ఎవరికీ శిక్ష వేయకూడదని, ఆ అభిప్రాయం యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం లెక్క మీద ఆధారపడి ఉండాలని అది చెబుతుంది. కేసు మొత్తం ఆ పరికరం మీదే నిలబడుతుంది కాబట్టి పరికరం కాగితాలు అడగడం మీ హక్కు.

ఆ కాగితాల సంగతి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చెబుతుంది. 2021 ఆగస్టులో వచ్చింది. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, సీసీ కెమెరా, పోలీసుల ఒంటి మీది కెమెరా అన్నీ ఇందులోకి వస్తాయి. ప్రతి పరికరానికీ ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. పరికరంతో నిఘా ఉన్న రోడ్డుకి ముందు హెచ్చరిక బోర్డు కనబడేలా పెట్టాలి. నోటీసు తప్పు జరిగిన 15 రోజుల్లోపు పంపాలి. చలానాతో పాటు నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం కొలిచిన లెక్క, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనో తెలిపే నోటీసు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధృవపత్రం ఇవ్వాలి. ఆ ధృవపత్రాన్ని పాత సాక్ష్య చట్టంలో 65బి అనేవాళ్లు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కిందికి మారింది. చలానా తేలేదాకా రికార్డును భద్రపరచాలి.

డాప్లర్ రాడార్‌తో వేగం కొలిచే పరికరాలకి 2025లో ఇంకో మెట్టు చేరింది. కిరాణా కొట్టు త్రాసుకి ముద్ర వేసే తూనికలు కొలతల శాఖే వాటినీ పరీక్షించి ముద్ర వేయాలని నిబంధనలు వచ్చాయి. అమలు తేదీ 2025 జులై 1. కాబట్టి ఆ తేదీ తర్వాతి చలానా రాడార్‌దైతే తూనికల శాఖ పత్రం, లేజర్‌దైతే క్యాలిబ్రేషన్ పత్రం (కొలత సరిగ్గా ఉందని పరీక్షించి ఇచ్చేది), రెండిట్లోనూ 167ఏ ఆమోద పత్రం అడగండి. ఇవాళ్టి పత్రం చూపిస్తే కుదరదు. చలానా పడిన రోజున అది చెల్లుబాటులో ఉండాలి.

ఈ కాగితాలు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు బాగా పనిచేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఫీజు మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై వాటికి 10. కోర్టు ఫీ స్టాంపు అంటించినా, పోస్టల్ ఆర్డర్ జతచేసినా సరిపోతుంది. జవాబుకి గడువు 30 రోజులు. "నా చలానా ఎందుకు వేశారు" అని రాయకండి, సమాచార అధికారి అలాంటి ప్రశ్నలకి జవాబు ఇవ్వనక్కర్లేదు. ఫలానా నంబరు పరికరానికి ఫలానా తేదీన చెల్లుబాటులో ఉన్న ధృవపత్రం కాపీ, ఫలానా రోడ్డు మీద ఫలానా కిలోమీటరు దగ్గర వేగ పరిమితి నిర్ణయించిన గెజిట్ నోటిఫికేషన్ కాపీ, అక్కడ హెచ్చరిక బోర్డు పెట్టిన చోటు వివరాలు, పరికరం వాడిన ఉద్యోగి హోదా. ఇలా కాపీలు అడగండి.

గెజిట్ ఎందుకంటే, సెక్షన్ 112 ప్రకారం ఒక రోడ్డుకి ప్రత్యేకంగా తక్కువ పరిమితి పెట్టాలంటే గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చి, రోడ్డు మీద బోర్డులు పెట్టాలి. నెల రోజుల లోపు తాత్కాలిక ఆంక్షకు మాత్రం నోటిఫికేషన్ అక్కర్లేదు. నిజమైన తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఒక పరిమితి, దిగేచోట ఇంకొకటి, మధ్యలో బోర్డు చెట్టు కొమ్మల వెనక. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద లేన్‌ని బట్టి మారుతుంది: 2023లో పెంచాక డివైడర్ వైపు నుంచి మొదటి రెండు లేన్లకి 120 దాకా, మూడు నాలుగు లేన్లకి 80. అదే కారు 110లో రెండో లేన్లో పోతే తప్పు లేదు, మూడో లేన్లో పోతే చలానా. అందుకే ఓఆర్ఆర్ చలానాలో వేగం కంటే ముందు ఫొటోలో లేన్ గీతలు లెక్కపెట్టండి. బోర్డు లేదని వాదించాలనుకుంటే ఆ వారంలోనే వెళ్లి, పోలీసులు నిలబడ్డ చోటికి ముందు కిలోమీటరు మొత్తం తేదీతో సహా వీడియో తీసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత కొత్త బోర్డు మెరుస్తూ ఉంటుంది, అప్పుడు మీ మాట చెల్లదు.

అయితే ఒక మాట. నోటీసు పదహారో రోజున వచ్చిందనో, ధృవపత్రం కాపీ జతచేయలేదనో ఒక్క కారణంతో మేజిస్ట్రేట్ చలానా కొట్టేస్తారని ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి లోపాలు మిగతా వాదనకి బలం ఇస్తాయి. బండి నాది కాదు, పరిమితి అది కాదు, పరికరం పత్రం ఆ రోజుకి గడువు దాటింది. ఒంటరిగా నిలబడగలిగే వాదనలు ఇవి.

ఎక్కడ చెప్పుకోవాలి? ముందు పోర్టల్‌లోని ఫిర్యాదు విభాగంలో. చలానా నంబరు, రెండు వాక్యాల్లో అభ్యంతరం, ఫొటోలు. పెద్ద వ్యాసం రాస్తే చదవరు. జవాబు రాకపోతే చలానా వేసిన ట్రాఫిక్ విభాగం కార్యాలయానికి ఆర్సీ, లైసెన్సు కాపీలతో వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. నంబరు తప్పు, బండి తప్పు లాంటివి ఇక్కడే పోతాయి. వేగం మీదో, పరికరం మీదో తగాదా అయితే ఆ కార్యాలయంలో తేలదు, కోర్టుకి పంపమని అడగాలి. వర్చువల్ కోర్టులున్న రాష్ట్రాల్లో ఆన్‌లైన్లోనే "కట్టను, పోరాడతాను" అన్న ఎంపిక ఉంటుంది, అది నొక్కితే కేసు మామూలు కోర్టుకి బదిలీ అవుతుంది.

కోర్టులో సమన్లు అందాక మొదటి రోజు అడిగేది ఒకటే: నేరం ఒప్పుకుంటారా? పక్కనున్నవాళ్లందరూ ఒప్పుకుని ఫైను కట్టి పది నిమిషాల్లో వెళ్లిపోతుంటే మీకూ నోట్లోంచి "ఒప్పుకుంటున్నా" అని వచ్చేస్తుంది. అది వస్తే అంతా అయిపోయినట్టే. ఒప్పుకోను అంటే పోలీసులు సాక్షిని తేవాలి, మీరు ప్రశ్నించాలి. రెండు మూడు వాయిదాలు పడతాయి. సెక్షన్ 183 ఫైను మాత్రమే ఉన్న నేరం కాబట్టి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 514 ప్రకారం ఆరు నెలలు దాటితే కోర్టు విచారణకు తీసుకోకూడదు, జాప్యానికి సరైన కారణం చూపితే తప్ప. దీన్ని పట్టుకుని "ఆరు నెలలు ఆగితే చలానా మాయమైపోతుంది" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. మాయం కాదు. పోర్టల్‌లో అలాగే కూర్చుంటుంది. బండి అమ్మేటప్పుడో, వేరే రాష్ట్రానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకునేటప్పుడో ఎదురొస్తుంది. గడువు వాదన పనికొచ్చేది కోర్టులోనే.

రోడ్డు మీద ఆపి లైసెన్సు తీసుకుంటే సెక్షన్ 206 ప్రకారం తాత్కాలిక రసీదు ఇవ్వాలి. కానీ ఆ రసీదుతో బండి నడపకూడదు, ఇది తెలియక చాలామంది ఇంకో కేసులో ఇరుక్కుంటారు. లైసెన్సు రవాణా శాఖకి వెళ్తుంది. వాళ్లు మీ వాదన వినకుండా రద్దు చేయకూడదు. విన్నాక మొదటిసారికి మూడు నెలలు అనర్హత, మళ్లీ అయితే రద్దు దాకా సెక్షన్ 19 వీలు కల్పిస్తోంది. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు ఉంది. ఈ దశలో మాత్రం వకీలుని పెట్టుకోండి. క్యాబ్, లారీ నడిపి బతికేవాళ్లకి మూడు నెలలంటే మాటలు కాదు.

నడిపింది మీరు కాదు, బావమరిది తీసుకెళ్లాడు అంటే? చలానా ఆర్సీ మీదున్న పేరుకే వస్తుంది. సెక్షన్ 133 కింద పోలీసులు అడిగితే నడిపినవాళ్ల పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పడం యజమాని బాధ్యత. అమ్మేసిన బండికి వస్తే అమ్మకం కాగితం ఒక్కటి చాలదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలని సెక్షన్ 50 చెబుతోంది. ఆ పని చేయకపోతే రికార్డులో యజమాని మీరే. కొన్నవాడి సంతకంతో డెలివరీ నోట్, అందులో తేదీ మాత్రమే కాదు సమయం కూడా రాయించుకోండి. బండి ఇచ్చిన రోజు సాయంత్రమే ఓఆర్ఆర్ ఎక్కేవాళ్లుంటారు.

డిస్కౌంట్ల సంగతి. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరు 26 నుంచి ఇంకోసారి ఇచ్చారు. రెండోసారి ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం, కార్లు, భారీ వాహనాలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం మాఫీ. ఆ ఆశతో ఆపేవాళ్లని తప్పుపట్టలేం కానీ, డిస్కౌంట్‌లో కట్టినా అది కాంపౌండింగే. లోక్ అదాలత్‌లో తేల్చుకున్నా అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. మీది కాని చలానాని "పోనీలే 400కే పోతోంది కదా" అని ఈ రెండు చోట్లా కట్టకండి.

మీ బండే, మీ వేగమే, ఫొటో శుభ్రంగా ఉంది, బోర్డు కనిపిస్తోంది, మొదటిసారి. అప్పుడు కట్టేయండి. వెయ్యి రూపాయల కోసం మూడు రోజుల పని పోగొట్టుకోవడం దండగ. కట్టాక లావాదేవీ నంబరుతో రసీదు దాచుకుని, మూడు నాలుగు రోజుల తర్వాత పోర్టల్‌లో మళ్లీ చూడండి. డబ్బు పోయి చలానా అలాగే పెండింగ్‌లో ఉంటే రెండోసారి కట్టొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్, లావాదేవీ నంబరు జతచేసి ఫిర్యాదు పెడితే సరిచేస్తారు. రెండుసార్లు కట్టిన డబ్బు వెనక్కి రప్పించుకోవడం చలానాతో పోరాడటం కంటే పెద్ద పని.